జీడిమచ్చ ఉడుతలు

పట్టుకున్న ఉడుతలకు అంతు లేదు. పట్టుకోవలసిన ఉడుతలకూ అంతు లేకుండా పోతోంది.

కేదారవాటి రాజ్యానికి ప్రాణమూ ప్రాణగండమూ ఒక్కటే. అది వజ్రసేతువు. రెండు నల్లకొండల నడుమ, మేత మేసి పడుకున్న మహాసర్పంలా వంపు తిరిగిన ఆ మట్టికట్ట వెనుక, ఆవలి ఒడ్డు కంటికి ఆనని జలరాశి. కట్టకు ఈవల పల్లంలో బంగారు నీరు పూసిన ప్రాసాద శిఖరాలతో, దానిమ్మ తోటలతో, రంగురాళ్లు పరచిన అంగడి వీధులతో రాజధాని. ఆ శిఖరాలలో అన్నిటికన్నా ఎత్తయినది కూడా కట్ట వెనుకనున్న నీటిమట్టానికి దిగువనే ఉందన్న సంగతి తలచుకోవడానికి పౌరులు ఇష్టపడరు.

ఆ కట్టను ఇప్పుడు నేల ఉడుతలు తొలిచేస్తున్నాయి. చెట్టెక్కని జాతి అది. మట్టిలో కన్నం వేసి, కన్నానికి కొమ్మలు పెట్టి, కొమ్మ కొమ్మకూ ఒక గది కట్టుకుని కాపురం చేస్తుంది. నడివేసవిలో సైతం నగరం వైపు వాలులో అక్కడక్కడ పచ్చగడ్డి మొలిచింది. జనం దాన్ని శుభశకునమన్నారు. యువరాజు సత్యకేతు మాత్రం ఆ గడ్డి పీకి, వేళ్లకు అంటిన బురదను చూసి, ఆ పూట అన్నం తినలేదు.

చంపుదామంటే వీలులేదు. కట్ట కట్టించిన మూలపురుషుడు దాని మీద ఏ ప్రాణి రక్తమూ చిందరాదని శాసించిపోయాడు. అందుకని సత్యకేతు వెదురు బోనులు అల్లించాడు. లోపల తెలకపిండి ముద్ద. దాన్ని ముట్టగానే వెనుక తలుపు జారి పడుతుంది, ప్రాణికి గాయం తగలదు. మొదట కొన్నాళ్లు తలుపులు పైకి కట్టేయించి మేత మాత్రమే పెట్టించాడు. ఉడుతలు భయం తీరి, బోనులను పుట్టిల్లుగా భావించి తిరగసాగాక, ఒక తెల్లవారుజామున కట్లు విప్పించాడు. ఎండకు చావకుండా బోనుల మీద తడిగుడ్డలు కప్పించాడు. ఆ వేసవిలో బోనులు పడుతూనే ఉన్నాయి, కావళ్లు నిండుతూనే ఉన్నాయి. పట్టిన ఉడుతలను నీలఝరి నదికి ఆవల ఉన్న విడుదలగుట్ట మీద వదలాలని రాజగురువు కాలాంజనుడు ఆదేశించాడు.

ఈ కాలాంజనుడు ఏడాది కిందట వచ్చిన మాంత్రికుడు. అతడు మంత్రించగా ఎండిన మోడు చిగిర్చిందని చెప్పేవారు నగరంలో చాలామంది ఉన్నారు. ఆ చిగురును కళ్లారా చూసినవారు మాత్రం ఎప్పుడూ పక్క వీధిలోనే ఉండేవారు. ఉడుతల రూపంలో వచ్చినది శాపమనీ, బోనులతో శాపం తీరదనీ అతడు నిండుకొలువులో పందెం వేశాడు. తొలకరి మబ్బు కట్టపై నీడ వేసిన రోజున బోనులు ఖాళీగా ఉంటే తాను రాజ్యం విడిచి పోతాడు. ఉడుత చిక్కితే, రాజకుమార్తె కువలయ దీక్షాకన్యగా అతడి గుహకు వెళ్లి, మళ్లీ మనుషుల మొహం చూడకూడదు. ధరణీవర్మ మహారాజు తటపటాయించాడు. "ఒప్పుకోండి నాన్నగారూ, తొలకరికి ఒక్కటీ మిగలదు" అన్నవాడు సత్యకేతువే.

ఈ ఉదయం మబ్బు కట్ట మీద నీడ వేసింది. బోనులన్నీ నిండుగా ఉన్నాయి.

సత్యకేతు ఒక ఉడుతను మెడ పట్టి ఎత్తాడు. దాని తెల్లటి తోక కొసన నల్లని పట్టీ. ఇంకొకదాన్ని ఎత్తాడు. దానికీ పట్టీ! చాకలివారు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి రసంతో, విడుదలకు పంపే ప్రతి ఉడుత తోకకూ రహస్యంగా ఆ మచ్చ వేయించినవాడు తానే. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మచ్చ అది. అయితే, కొత్త ఉడుతలు పుట్టుకు రావడం లేదు. వదిలిన ఉడుతలే తిరిగి వస్తున్నాయి. మొసళ్ల నీలఝరిని ఈది కాదు, ఎవరో తెస్తేనే.

తండ్రి ఆ తోకను చూసి నిట్టూర్చాడు. "వదిలినవి తిరిగి రావడమే శాపమంటాడు కాలాంజనుడు. ఏం చెప్పమంటావు? మోసమైతే, మోసం చేస్తున్న చేతిని పట్టి చూపించు. పొద్దు వాలగానే పల్లకి కట్ట మీదుగా ఆవలికొండ గుహకు కదులుతుంది, నాయనా. ఇచ్చిన మాట అది."

ఆ మధ్యాహ్నం నీలఝరి దాటిన పడవలో, తెల్ల తలగుడ్డలు చుట్టిన మోతగాళ్ల మధ్య, మొహానికి మసి పూసుకున్న ఒక కొత్త మోతగాడు కూర్చున్నాడు. పక్కన బోనులల్లే నందెన్న.

"యువరాజా, ఆ కావడిబద్ద కుడి భుజానికి..." అని నందెన్న నాలుక కరుచుకున్నాడు.

"ఇంకోసారి ఆ మాటంటే మొసళ్ల పాలు చేస్తాను" అన్నాడు సత్యకేతు పెదవి కదపకుండా. "నేను నీకేమవుతాను?"

"మా చెల్లెలి కొడుకువి." నందెన్న గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్ అల్లుడూ! కావడి పట్టడం చేతగాని సన్నాసికి పిల్లనెవడిస్తాడురా? మీ అమ్మ నిన్ను నెయ్యేసి పెంచిందా, నీళ్లు పోసి పెంచిందా?"

పడవంతా గొల్లున నవ్వింది.

"మెల్లగా మామా!"

"ఈ జన్మలో మళ్లీ దొరుకుతుందా ఈ అవకాశం? కాసేపు తిట్టనివ్వండి" అన్నాడు నందెన్న గుసగుసగా.

ఆవలి ఒడ్డున గాలి చచ్చిపోయినట్టుంది. విడుదలగుట్ట మీద గడ్డిపరక కదలడం లేదు. పిట్ట కూయడం లేదు. బూడిదరంగు మబ్బు గుట్ట నెత్తిన కూర్చుని కిందికి దిగడానికి ఘడియ కోసం చూస్తున్నట్టుంది. బాటకు ఇరుపక్కలా నిలువెత్తు రాతిబొమ్మలు. అన్నీ దిగువకు అడుగు వేస్తూ, మెడ పక్కకు తిప్పి, నోరు తెరిచి, ఉన్నచోటనే బిగుసుకుపోయిన మనుషులు. ఎక్కేవారికి ఒక్కొక్క బొమ్మ చెంప, ఒక కన్ను, భయంతో పైకి లేచిన ఒక చేయి కనిపిస్తాయి.

దానమిచ్చినదాన్ని వెనుదిరిగి చూడరాదన్నది కేదారవాటి ప్రజల పాత ఆచారం. ఆవును దానమిచ్చినా, చిలకను పంజరం నుంచి వదిలినా, వీపు తిప్పుకుని రావలసిందే. కాలాంజనుడు ఆ ఆచారానికి ఒక కోర తొడిగాడు. ఈ గుట్ట మీద వెనుదిరిగి చూసినవాడు రాయి అవుతాడట!

"కొత్తోడా" అన్నాడు మోతగాళ్ల పెద్ద బైరప్ప, శంఖం చంకలో పెట్టుకుని. "ఎక్కేటప్పుడు నీ ఇష్టమొచ్చినట్టు చూడు. దిగేటప్పుడు మెడ తిప్పావో, నువ్వూ ఈ వరసలో నిలబడతావు."

"వీళ్లెవరు పెద్దయ్యా?"

"ఎప్పటోళ్లో. మేమూ ఉత్త బొమ్మలనే అనుకున్నాం. గురువుగారొచ్చి చెబితే తెలిసింది, మనుషులని."

"మరి పేర్లు?"

"రాళ్లకి పేర్లేంట్రా?"

"మనుషులైనప్పుడు ఉండి ఉండాలి కదా!"

బైరప్ప నందెన్న వైపు తిరిగాడు. "మీ అల్లుడికి నోరెక్కువ. ఇలాంటోళ్ల మెడ ఊరుకోదు. చూసుకో."

గుట్ట పైభాగాన నేలంతా కన్నాలు. మోతగాళ్లు బోనుల నోళ్లు ఆ కన్నాలకు ఎదురుగా పెట్టి తలుపులు ఎత్తారు. ఉడుతలు కిచకిచమంటూ నల్లమచ్చల తోకలు ఝాడించి, చీకటి దొరకడమే భాగ్యమన్నట్టు కన్నాల్లోకి దూకాయి. బైరప్ప శంఖం ఊదాడు. అందరూ ఒక్కసారి వెనుతిరిగి, కళ్లు పాదాల మీద నిలిపి, "పోయినది పోయెను, విడిచినది విడిచెను" అంటూ దిగసాగారు.

వరుస చివర నడుస్తున్న సత్యకేతు, మొదటి బొమ్మ రాగానే పక్కకు ఒరిగి దాని వెనుక నక్కాడు. వెంటనే మెడ తిప్పి గుట్టను చూశాడు.

కాలు కదిలింది. వేళ్లు ముడుచుకున్నాయి. గుండె కొట్టుకుంటూనే ఉంది, కాకపోతే మామూలుకన్నా కొంచెం గట్టిగా. తాను నమ్మని మాటకు తన గుండె ఇంత మర్యాద చేయడం అతనికి చిరాకు కలిగించింది.

చేతి కింద బొమ్మ గరుకుగా తగిలితే అటు చూశాడు. కిందినుంచి వచ్చేవారికి కనిపించే వైపున కనురెప్పల వెంట్రుకలు సైతం చెక్కిన శిల్పి, గుట్ట వైపున రాతిని ముట్టుకోనే లేదు. ఆ వైపు చెంప లేదు, కన్ను లేదు, వీపు లేదు. వరుసగా ఉలి దిగిన గాట్లు మాత్రం ఉన్నాయి. శాపం తగిలిన మనిషి సగమే మనిషిగా ఉండేవాడన్నమాట!

"అయ్యగారు రాయి అయ్యారా?" అని పక్క బొమ్మ వెనుక నుంచి వణుకుతున్న గొంతు వినిపించింది.

"నందెన్నా! నిన్ను వాళ్లతో పొమ్మన్నాను కదా!"

"మీరు రాయి అయ్యారేమోనని తిరిగి చూశాను. చూసేశాక ఇక పోతే ఏం, ఉంటే ఏం అనిపించింది." నందెన్న తన మోకాళ్లు తడిమి చూసుకున్నాడు. "నేను మెత్తగానే ఉన్నానా, కాస్త చూడండి."

సత్యకేతు అతడి నోరు మూశాడు. గుట్ట నెత్తిన ఒక బండ పక్కకు జరుగుతోంది. భూమిలోంచి బూడిదరంగు ముసుగులు వేసుకున్న కాలాంజనుడి శిష్యులు ఒక్కొక్కరే పైకి వచ్చారు. కన్నాల దగ్గర కూర్చుని, వాటి అంచులకు బిగించి ఉన్న తాళ్లు పట్టి లాగారు. ప్రతి కన్నంలోంచీ ఒక వలసంచి! సంచి నిండా గిలగిలలాడే ఉడుతలు. అవి కలుగులు కానే కావు. అడుగున వలలు పరచిన గోతులు. మెడ తిప్పితే ఎవరైనా చూడగలిగేంత దగ్గరలో, పట్టపగలు, ఈ వేసవి అంతా సాగిన మోసమిది.

శిష్యులు సంచులు భుజాన వేసుకుని బిలంలోకి దిగిపోయారు. బండ మూయడానికి చివరన మిగిలిన ఇద్దరిలో ఒకడి మెడ మీద సత్యకేతు దెబ్బ పడింది. రెండోవాడు అరిచేలోపల నందెన్న వాడి తలపై ఖాళీ బోను దించి, తలగుడ్డతో నోరు కట్టాడు. ఇద్దరినీ కావడితాళ్లతో బిగించి, ఒక బొమ్మ వెనుక పడేసి, వాళ్ల ముసుగులు తాము తొడుక్కుని, ఒక సంచి ఎత్తుకుని మెట్లు దిగారు.

పూర్వరాజులు శత్రుభయంతో తవ్వించి, ఆ తరువాత మరచిపోయిన సొరంగం అది. నది అడుగునే సాగుతోంది. గోడల మీద అభ్రకపు రేకలు ముందు పోతున్న శిష్యుల కాగడా వెలుగుకు పాము పొలుసుల్లా తళుక్కుమంటున్నాయి. పైకప్పు నుంచి నీటిబొట్లు రాలుతున్నాయి. ఎక్కడో నీలఝరి తలమీదుగా మూలుగుతూ పోతోంది. నడిచేకొద్దీ రాతినేల పోయి మట్టినేల వచ్చింది. సత్యకేతు చిటికెడు మట్టి తీసి వాసన చూశాడు. నల్లరేగడి, సున్నం, ఊక. అలా కలిపిన మట్టి రాజ్యంలో ఒక్కచోటనే ఉంది.

"వజ్రసేతువు కడుపులోకి వచ్చాం" అన్నాడు.

సొరంగం ఒక గదిలోకి తెరుచుకుంది. గది ఉడుతలు తవ్వింది కాదు, పారలు తవ్వింది. పైకప్పుకు అడ్డంగా టేకుదూలం. దాన్ని మోస్తూ నడిమధ్య ఒకే ఒక నిట్ర స్తంభం. నిట్ర మొదట్లో చీలకొయ్య, చీలకొయ్యకు కట్టిన పొడవాటి మోకు. చెరువు వైపు గోడ చెమటోడుస్తోంది. పైకప్పులో ఉడుత పట్టేంత కన్నాలు. వాటిలోంచి బాణాల్లా కాంతిరేఖలు. అంటే ఉడుతలు కట్టను తొలిచింది కొంతే. అసలు తొలిచిన చేతులు ఇవి. ఉడుతలు ఆ చేతులకు ముసుగు.

సంచులు దించి వెనుదిరుగుతున్న శిష్యులు వీళ్లను తమవాళ్లే అనుకుని దాటిపోయారు. మోకు దగ్గర ఇద్దరు మిగిలారు. ఒకడు పండ్లు లేని ముసలివాడు, ఇంకొకడు ఎడ్లలాంటి భుజాలవాడు.

"పల్లకి ఆవలికొండ చేరగానే నగారా మోగుతుంది" అంటున్నాడు ముసలివాడు. "అప్పుడు మోకు లాగాలి. ముందు లాగావో, పిల్ల పోతుంది. పిల్ల పోతే గురువుగారికి సింహాసనమెక్కే దారి పోతుంది."

"ఊరంతా కొట్టుకుపోయాక ఏ సింహాసనమెక్కుతాడు తాతా?"

"కోట పోయినా రాజ్యం ఉంటుందిరా పిచ్చోడా. మిగిలిన పల్లెలన్నిటికీ రాజరక్తం ఒక్కతే, ఆ పిల్ల. ఆమె పక్కన ఎవరు కూర్చుంటే వాడే రాజు." ముసలివాడు తల ఎత్తాడు. "ఎవర్రా అక్కడ? సంచి దించి పోక నిలబడ్డారేం?"

సత్యకేతు సంచిని అతడి మొహాన విసిరి కొట్టాడు. సంచి చిరిగి ఉడుతలు చీకటినిండా చెల్లాచెదరయ్యాయి. భుజాలవాడు ఎద్దులా రంకె వేస్తూ మీదికి వచ్చాడు. సత్యకేతు పక్కకు తప్పుకుని, వాడి ఊపునే ఆసరా చేసుకుని ముందుకు తోశాడు. మంచి ఎత్తే, కాని తోసిన దిక్కు మంచిది కాదు. వాడి భుజం సూటిగా నిట్రకు తగిలింది. చీలకొయ్య ఎగిరిపడింది. నిట్ర, నిద్రపట్టిన కావలివాడిలా, నెమ్మదిగా ఒరిగింది.

దూలం దిగుతోంది!

సత్యకేతు ఎగిరి, మోకాళ్లు వంచి, వీపును దూలం కింద పెట్టాడు. కొండ వచ్చి భుజాల మీద కూర్చున్నట్టయింది. పాదాలు మడమల దాకా మట్టిలో దిగాయి. కాని దూలం ఆగింది. భుజాలవాడు స్పృహ తప్పి పడి ఉన్నాడు. ముసలివాడు అప్పటికే కాగడా లాక్కుని సొరంగంలోకి పరుగు తీశాడు.

"వాడు చేరితే కాలాంజనుడు జాగ్రత్తపడతాడు. పట్టుకో!" అన్నాడు సత్యకేతు పళ్లు బిగించి.

"మిమ్మల్నిలా వదిలా?"

"నిట్ర ఎత్తి పెట్టడానికి పది ఏనుగుల బలం కావాలి, నీకుందా? వాణ్ణి పట్టు. పడవ ఎక్కు. కట్టమీదికి పోయి పల్లకిని ఆపు. ఈ చోటికి రానీయకు. పో మామా!"

నందెన్న కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తాడు. అడుగుల చప్పుడు దూరమైంది. చీకటి దగ్గరైంది.

చెరువు వైపు గోడలోంచి సన్నని నీటిదార మొదలై పాదాలను తాకింది. చల్లగా ఉంది. మరోచోట ఇంకొక దార. సత్యకేతు బుద్ధి, భయపడడం మానేసి, లెక్క వేయసాగింది. మట్టి నానితే మడమలు జారుతాయి, మడమలు జారితే దూలం దిగుతుంది, దూలం దిగితే కట్ట పైభాగం కుంగుతుంది. ఆ కుంగిన చోటున చెరువు తొంగి చూస్తుంది. ఇక దాన్ని ఆపడం ఏ మంత్రానికీ, ఏ శాస్త్రానికీ సాధ్యం కాదు. చెల్లాచెదరైన ఉడుతలు అతని కాళ్లమీద, ఛాతీమీద, చెవులమీద పాకి, పైకన్నాల్లో దూరి, ఒక్కొక్క కాంతిరేఖనే ఆర్పుతూ వెలుగులోకి వెళ్లిపోయాయి.

అప్పుడు, పైనుంచి, బోయీల పదం వినిపించింది. "ఓహోం... ఓహోం..."

నందెన్న ఇంకా నది కూడా దాటి ఉండడు.

పదం దగ్గరయింది. అడుగడుగుకూ పైకప్పు నుంచి మట్టి రాలి కళ్లలో పడుతోంది. పోనీ, త్వరగా దాటిపోతే చాలు! పల్లకి బరువు తలమీదికి వచ్చింది. దూలం మూలిగింది. దాటుతోంది, దాటుతోంది...

పదం ఆగిపోయింది.

"దించండి" అన్నది ఒక కంఠం. కువలయ! కన్నంలోంచి పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది.

"ఇక్కడెందుకమ్మా? పొద్దు వాలిపోతోంది. గురువుగారు కోప్పడతారు" అన్నాడు బోయీల పెద్ద.

"కోప్పడనీ. పల్లకి ఎక్కే ముందు నాన్నగారొచ్చారు, అమ్మ వచ్చింది. అన్నయ్య రాలేదు. వాడు ఎక్కడ ఉన్నా వస్తాడు, నాకు తెలుసు. వాడు వచ్చి వీడ్కోలు చెప్పేదాకా నేనీ చోటు విడిచి అంగుళం కదలను."

దంతపు కాళ్ల పల్లకి నేలకు దిగిన బరువు, మట్టిలోంచి, టేకులోంచి, సత్యకేతు వెన్నెముకలోకి దిగింది. అతడు గొంతెత్తి పిలవడానికి ఊపిరి పీల్చబోయాడు. ఛాతీ వెడల్పయింది, భుజాలు సడలాయి, ఆ మాత్రానికే దూలం ఒక వేలెడు కుంగింది. పైన కువలయ పాదం కింద నేల కదిలి, ఆమె తూలి, "ఇదేమిటి!" అనడం వినిపించింది.

సత్యకేతు ఆ ఊపిరిని శబ్దం లేకుండా వదిలేశాడు. నీరు మోకాళ్లకు వచ్చింది.